కోటకు ఒకటి, అడవికి ఒకటి: రెండు కెమెరాలతో ఒక యాత్ర

ఈసారి యాత్రకు ఇంట్లో ఉన్న రెండు కెమెరాలూ బయలుదేరాయి. నా భుజాన లెన్స్ మార్చుకోగలిగే, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్. అందులో ఏపీఎస్-సీ అనే పెద్ద కొలత సెన్సర్ (వెలుగును ఫోటోగా మార్చే పలక), దానికి కెమెరాతోపాటే వచ్చే 16-50 మి.మీ. కిట్ లెన్స్. మా అక్క చేతిసంచిలో లెన్స్ విడిగా ఊడిరాని చిన్న కాంపాక్ట్, దాని సెన్సర్‌ను అంగుళం అంటారు గాని అది పేరుకే. దారిలో సముద్రం, పాత కోటలో మ్యూజియం, కొండ మీద బస, చివర అభయారణ్యం. ఏ కెమెరా కొనాలో తేల్చుకోలేని వాళ్లకు దుకాణంలో ఇచ్చే రంగుల కాగితం కన్నా ఇలాంటి దారే ఎక్కువ చెబుతుంది. అందుకే ఇక్కడ బసలు, చోట్లు, సేవలు అన్నిటినీ కెమెరా వైపు నుంచే బేరీజు వేస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. మిర్రర్‌లెస్ కొని, దానితో వచ్చిన కిట్ లెన్స్ తప్ప మరొకటి బిగించని వాళ్లకు మంచి కాంపాక్టే మేలు. రెండో లెన్స్ కొనే ఉద్దేశమో, కనీసం అద్దెకు తెచ్చుకునే ఉద్దేశమో ఉంటేనే ఆ బరువు మోయడంలో అర్థం ఉంది.

సముద్రం ఒడ్డున దిగిన బస మనుషులకు హాయిగానే ఉంది. కెమెరాలకు మాత్రం కష్టకాలం. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడిన కెమెరాను తెల్లవారగానే తేమగాలిలోకి తీసుకెళ్తే లెన్స్ మీద ఆవిరి కమ్ముకుంటుంది. పై ఆవిరి తుడిస్తే పోతుంది, లోపలి గాజుల మీద పట్టింది పోదు. దానంతట అది ఆరేదాకా కాచుకోవాల్సిందే, ఆలోగా సూర్యోదయం అయిపోతుంది. సంచి జిప్పు తీయకుండా అరగంట ముందు బాల్కనీలో పెడితే కెమెరా నెమ్మదిగా వేడెక్కుతుంది, ఈ బెడద ఉండదు. గది తీసుకునేటప్పుడు కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా అని అందరూ అడుగుతారు. ఫోటోలు తీసేవాళ్లు బాల్కనీ ఉందా అని కూడా అడగాలి.

మధ్యాహ్నం ఎండలో తేడా తెలిసింది. అక్క కాంపాక్ట్‌కు వ్యూఫైండర్ లేదు. తెర మీద ఏమీ కనిపించక, అరచేయి అడ్డం పెట్టుకుని, అంచనా మీద నొక్కుతూ పోయింది. సగం ఫోటోల్లో మా బావ తల ఉంది, కాళ్లు లేవు. నేను వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి నింపాదిగా తీసుకున్నాను. ఎండలో ఎక్కువ తిరిగేవాళ్లు కాంపాక్ట్ కొన్నా వ్యూఫైండర్ ఉన్నదే చూసుకోవాలి. అలాంటివి ఉన్నాయి, కాకపోతే తక్కువ.

ఇసుక సంగతి ఇంకోటి. పక్క గదిలో దిగిన దంపతుల కాంపాక్ట్‌కు ఆ సాయంత్రమే ఆపద వచ్చింది. గాలికి లేచిన ఇసుక లెన్స్ గొట్టం అంచులో ఇరుక్కుంది. ఆన్ చేస్తే కరకరమని చప్పుడు, సగం దాకా వచ్చి ఆగిపోయిన లెన్స్, తెర మీద ఆపి మళ్లీ వెలిగించమనే హెచ్చరిక. వెలిగించిన ప్రతిసారీ అదే కరకర. కాంపాక్ట్ జేబులో పట్టేంత చిన్నదిగా ఉండటానికి కారణం లెన్స్ లోపలికి ముడుచుకోవడమే; దాని ప్రాణం మీదికి తెచ్చేదీ అదే. ఒడ్డున గాలి జోరుగా ఉంటే తీసిన వెంటనే ఆపి కవరులో పెట్టాలి. మిర్రర్‌లెస్‌కు ఈ బాధ తక్కువే గాని, అక్కడ లెన్స్ విప్పారో, ఇసుక సరాసరి సెన్సర్ మీదికే.

కోటలోని మ్యూజియానికి వచ్చేసరికి కథ తిరగబడింది. ద్వారం దగ్గరే నా సంచిని సామాన్ల గదిలో పెట్టమన్నారు. కెమెరా మెడలో వేసుకోవచ్చు, ఫ్లాష్ వద్దు, స్టాండు వద్దు. అక్క చేతిసంచి వైపు ఎవరూ చూడలేదు. లోపల శిల్పాలున్న గది మసకగా ఉంది, నిశ్శబ్దంగా కూడా ఉంది. నేను షట్టర్ నొక్కినప్పుడల్లా పక్కవాళ్లు తిరిగి చూశారు. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌కు మారిస్తే ఫోటో మీద అడ్డంగా చారలు పడ్డాయి. ఆ షట్టర్ చాలా కెమెరాల్లో సెన్సర్‌ను వరుస తర్వాత వరుసగా చదువుతుంది, మన కంటికి తెలియకుండా మినుకుమనే ఎల్ఈడీ దీపాల కింద ఆ తేడా చారలుగా బయటపడుతుంది. కాంపాక్ట్‌కు ఆ ఇబ్బంది రాలేదు. దాని షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది, నొక్కినట్టు నొక్కినవాళ్లకే తెలియదు.

అసలు ఆశ్చర్యం సాయంత్రం గదిలో ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు. పెద్ద సెన్సర్ కదా, మసక వెలుతురులో నావే బాగుంటాయని అందరి లెక్క. నా సెన్సర్ 23.5 × 15.6 మిల్లీమీటర్లు, అక్కది 13.2 × 8.8. వైశాల్యంలో నాది మూడు రెట్లకు కాస్త ఎక్కువ. కాని లెన్స్ ఎంత తెరుచుకుంటుందో ఎఫ్ అంకె చెబుతుంది, అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ. కిట్ లెన్స్ జూమ్ చివరికి వెళ్లేసరికి ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. అక్క కాంపాక్ట్ అక్కడ ఎఫ్/2.8 దాకా తెరుచుకుంటుంది. ఎఫ్/2.8 నుంచి 5.6కు వెళ్తే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. సెన్సర్ వల్ల మూడు రెట్లు లాభం, లెన్స్ వల్ల నాలుగు రెట్లు నష్టం! ఒకే శిల్పానికి, సెకనులో అరవయ్యో వంతు షట్టర్‌కు, ఆమె ఐఎస్ఓ (వెలుగు చాలనప్పుడు పెంచే అంకె, పెంచేకొద్దీ ఫోటోలో గరుకు) 1600తో సరిపెట్టుకుంటే నేను 6400కు ఎక్కాల్సి వచ్చింది. రెండు ఫోటోల్లోనూ దేవకన్య చెంప మీద గరుకు ఇంచుమించు ఒకటే. అరకిలో కెమెరా మోసి, సంచి అప్పగించి, చీటీ తీసుకుని నేను సాధించింది అదీ.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ బిగించుకుని. అదే గది, అదే శిల్పం, అదే షట్టర్. ఐఎస్ఓ 640కి దిగింది. రాతి మీద ఉలి గీతలు, మెడలోని హారంలో విరిగిన పూస, వెనక గోడ మెత్తగా కరిగిపోవడం అన్నీ వచ్చాయి. అక్క ఆ ఫోటోను కాసేపు చూసి, "బాగుంది తమ్ముడూ. మరి నిన్న ఇది ఎందుకు తేలేదు?" అంది. నా దగ్గర జవాబు లేదు, లెన్స్ గదిలోనే ఉంది.

పట్టపగలు సంగతి వేరు. వెలుతురు పుష్కలంగా ఉన్నప్పుడు పెద్ద సెన్సర్ కనిష్ఠ ఐఎస్ఓ దగ్గర ఎక్కువ వెలుగు పట్టుకోగలదు. కోట బురుజు నీడలోంచి తెల్లటి మేఘాల్ని తీసినప్పుడు, కిట్ లెన్స్‌తోనే, నా ఫైలులో నీడను తర్వాత ఎంత పైకి లేపినా రాళ్లు కనిపించాయి. కాంపాక్ట్ ఫైలులో నీడ లేపితే రంగు రంగుల ఇసుక రాలింది. ఫోటోలను కంప్యూటర్‌లో కూర్చుని దిద్దుకునే ఓపిక ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. తీసింది తీసినట్టు కుటుంబానికి పంపేవాళ్లకు ఇదసలు విషయమే కాదు.

కొండ మీద బస గురించి చెప్పాలంటే, దృశ్యానికి నూటికి నూరు మార్కులు, ప్లగ్గులకు సున్నా. గదికి ఒకే ప్లగ్గు, అదీ మంచం వెనక. ముగ్గురి ఫోన్లు, రెండు కెమెరాలు. కాంపాక్ట్ పవర్ బ్యాంక్‌తోనే ఛార్జి అయిపోయింది, కాబట్టి వరుసలో నిలబడలేదు. అయితే దాని బ్యాటరీ చిన్నది. ఈ రకం కాంపాక్ట్‌ల చాలావాటికి ప్రామాణిక పరీక్షలో ఒక ఛార్జికి 200 నుంచి 260 ఫోటోలే లెక్క తేలతాయి, కాబట్టి అదనపు బ్యాటరీ ఒకటి తప్పనిసరి. విమానంలో వెళ్లేవాళ్లు ఆ విడి బ్యాటరీలను చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయనివ్వరు.

పైకి మెట్లు చాలా ఉన్నాయి. సగం దారిలో నా కెమెరా సంచిలోకి వెళ్లింది, మళ్లీ శిఖరం దాకా బయటికి రాలేదు. ఆ మధ్యలో మబ్బు దిగి దారిని మింగేయడం, దాన్ని చీల్చుకుని మేకల మంద ఒకటి రావడం జరిగాయి. అక్క జేబులోంచి తీసింది, నొక్కింది, పెట్టుకుంది. నేను జిప్పు తీసేలోగా మేకలు మలుపు దాటాయి. అడవిగాచిన వెన్నెల అంటే ఏమిటో నా సంచిని అడిగితే చెబుతుంది. శిఖరం మీద అందరి ఫోటో కూడా కాంపాక్ట్‌దే బాగా వచ్చింది. చిన్న సెన్సర్‌కు ఎఫ్/4 చాలు, ముందు నిలబడ్డ మనుషులూ వెనక కొండలూ కూడా స్పష్టంగానే ఉంటాయి. ముఖాల మీద నీడ పడితే దాని చిట్టి ఫ్లాష్ సరిపోయింది. నా కెమెరాకు వెనక కొండ మసకబారకుండా ఉండాలంటే అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఇంకా మూయాలి, అలా మూసినప్పుడు వెలుతురు చాలక ఐఎస్ఓ పెంచాలి.

ఇంతవరకు చదివి కాంపాక్ట్ కొనేద్దామని లేచినవాళ్లు కాసేపు ఆగండి. అభయారణ్యం మిగిలింది.

దానికోసం ముందుగానే 70-350 మి.మీ. లెన్స్ అద్దెకు తీసుకున్నాను. నా సెన్సర్ మీద అది ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మంత సెన్సర్, జూమ్‌లను పోల్చే కొలబద్ద) లెక్కలో 105 నుంచి 525 దాకా పనిచేస్తుంది. బరువు 625 గ్రాములు, అంటే కెమెరా కన్నా లెన్సే బరువు. మిర్రర్‌లెస్‌లో అద్దం తీసేసి కెమెరాను సన్నగా చేశారు గాని, సెన్సర్ అదే కొలతలో ఉన్నంతకాలం దూరపు లెన్స్ పెద్దగా తగ్గదు. చిన్న కెమెరా అని మురిసిపోయి కొన్నవాళ్లు ఈ లెన్స్ చూసి కంగుతింటారు.

తెల్లవారుజామున జీపు చెరువు గట్టున ఆగింది. డ్రైవరు అడగకుండానే ఇంజిన్ ఆపాడు. నా దృష్టిలో సఫారీ సేవ మంచిదో కాదో తేల్చేది ఇదొక్కటే, ఇంజిన్ తిరుగుతుంటే బండి వణుకు లెన్స్ దాకా వస్తుంది. నీళ్ల మధ్య ఎండు మోడు మీద లకుముకి పిట్ట. అక్క కాంపాక్ట్ జూమ్ చివరికి లాగితే నీలిచుక్క ఒకటి కనిపించింది. నా వ్యూఫైండర్ నిండా పిట్టే. ఆటోఫోకస్ దాని కంటి చుట్టూ చిన్న చదరం గీసి, అది తల తిప్పినా వదలకుండా పట్టుకుంది. పిట్ట దూకింది, నీళ్లు చిమ్మాయి, తిరిగి మోడు మీద వాలేసరికి ముక్కున అడ్డంగా చేప. దాన్ని మోడుకేసి రెండుసార్లు బాదింది. ఎగిరిన నీటి బొట్లతో సహా వచ్చిందా ఫోటో. ఐఎస్ఓ 3200, అయినా ఈకలు ఈకలుగానే ఉన్నాయి. అక్క తన కెమెరాను ఒళ్లో పెట్టుకుని, "ఇక నాకు ఇక్కడ పని లేదు, నువ్వు తియ్యి" అని కళ్లతో చూడటంలో పడిపోయింది.

అదే లెక్కలో 200 మి.మీ. దాకా జూమ్ ఉన్న కాంపాక్ట్‌లూ ఉన్నాయి. ఏనుగుకూ జింకల గుంపుకూ అవి చాలు. పిట్టకు చాలవు. 525 దగ్గర పిట్ట ఎంత ఎత్తు కనిపిస్తుందో 200 దగ్గర అందులో ఐదింట రెండు వంతులే. తర్వాత కత్తిరించి పెద్దది చేసుకుంటే మిగిలేది సెన్సర్‌లో దాదాపు ఏడో వంతే.

అడవిలో ఒక నియమం పెట్టుకున్నాను. జీపులో లెన్స్ మార్చను. ఎర్రదుమ్ము సెన్సర్ మీద వాలితే, అపర్చర్ బాగా మూసి తీసిన ఆకాశం ఫోటోల్లో నల్లటి మచ్చలుగా కనిపిస్తుంది. మిర్రర్‌లెస్‌కు అయితే శుభ్రం చేసే సేవ దొరుకుతుంది, పని త్వరగానే అయిపోతుంది. కాంపాక్ట్‌కు దుమ్ము పడదనుకోవడం భ్రమ. జూమ్ లోపలికీ బయటికీ కదిలినప్పుడల్లా గాలితోపాటు దుమ్మునూ పీలుస్తుంది, ఒక్క మచ్చ తీయాలన్నా కెమెరా మొత్తం విప్పాలి.

అద్దె లెన్స్ తీసుకునేటప్పుడు దుకాణంలోనే మన కెమెరాకు బిగించి దగ్గరా దూరం నాలుగైదు ఫోటోలు తీసి చూడాలి. ముందు గాజును దీపానికి ఏటవాలుగా పట్టి గీతలున్నాయేమో చూసి, క్రమసంఖ్య కనిపించేలా ఫోన్‌తో ఫోటో తీసుకుంటే తిరిగి ఇచ్చేటప్పుడు వాదన ఉండదు. నేను తీసుకున్న చోట ఫిల్టరు ఇచ్చారు, హుడ్ (లెన్స్ ముందు బిగించే ఎండ తొడుగు) ఇవ్వలేదు. అడిగితే లోపల వెతికి తెచ్చారు. అడగాలి.

ఇక కొనేవాళ్లకు. పగటి వెడల్పాటి దృశ్యాలకు చేతిలో ఫోన్ ఎలాగూ ఉంది. కొన్ని ఫోన్లలో అంగుళం సెన్సర్ కూడా వచ్చేసింది. కాంపాక్ట్ కొంటే ఫోన్ చేయలేనిది చేయాలి: నిజమైన జూమ్, వెడల్పుగా తెరుచుకునే లెన్స్, ఫ్లాష్. 2019లో వచ్చిన కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3 (304 గ్రాములు, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24-100 జూమ్, ఎఫ్/1.8-2.8), అదే ఏడాది వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 7 (302 గ్రాములు, 24-200, వ్యూఫైండర్‌తో) ఈ కోవలోవి. జూమ్ అక్కర్లేదు, వీధుల్లో నడుస్తూ తీస్తానంటే రికో జీఆర్ 3 ఉంది. 257 గ్రాముల్లో ఏపీఎస్-సీ సెన్సర్, 28కి సమానమైన స్థిర లెన్స్, ఫ్లాష్ లేదు. ఫుజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్ చూడముచ్చటగా ఉంటుంది, ఎఫ్/2 లెన్స్ కూడా. దాని బరువు 521 గ్రాములు. సోనీ ఏ6400 అనే మిర్రర్‌లెస్‌కు 16-50 కిట్ లెన్స్ తగిలిస్తే 519. అంటే అది కాంపాక్ట్ వరుసలో నిలబడినా, జేబులో పట్టే రకం కాదు.

పాతది కొనేవాళ్లు కాంపాక్ట్ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. మిర్రర్‌లెస్‌లో లెన్స్ పాడైతే లెన్సే మారుతుంది, కాంపాక్ట్‌లో కెమెరా పోయినట్టే. పదిసార్లు వెలిగించి ఆపి చూడండి, గొట్టం చప్పుడు వినండి. జూమ్ రెండు చివరల్లోనూ అపర్చర్ పూర్తిగా మూసి తెల్లగోడను ఫోటో తీసి, తెర మీద పెద్దది చేసి మచ్చలు వెతకండి. లెన్స్ వంకరగా బయటికి వచ్చినా, మధ్యలో ఒక్కసారి తడబడినా, అమ్మేవాళ్లు ఎంత తగ్గిస్తామన్నా వదిలేయండి.