నేలపట్టులో ఉదయం, పులికాట్‌లో సాయంత్రం

గూడబాతును (పెలికాన్‌ను) బొమ్మల్లో మాత్రమే చూసిన మా పిల్లలకు, గూటిలో పిల్లలను సాకుతున్న తల్లిపక్షిని చూపించాలని జనవరి రెండో వారంలో తిరుపతి జిల్లాలోని నేలపట్టు పక్షుల అభయారణ్యానికీ పులికాట్ సరస్సుకూ వెళ్లాము. చెన్నై నుంచి లోకల్ రైళ్లు వచ్చే ఊరు కాబట్టి సూళ్లూరుపేటలో బస చేశాము. లాడ్జి గది శుభ్రంగానే ఉంది కానీ, ఇస్తామన్న వేడినీళ్లు రెండు రోజులూ రాలేదు. తెల్లవారుజామునే బయలుదేరవలసినవారు ఫలహారం ముందురోజే సమకూర్చుకోవాలి.

సూళ్లూరుపేటకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. చెరువు నీళ్లలో నిలబడిన కడప చెట్ల కొమ్మల మీద గూడబాతులూ, నత్తగుల్ల కొంగలూ, నీటికాకులూ కలిసి కాపురముంటాయి. వాచ్‌టవర్ మీద నుంచి బైనాక్యులర్లతో చూస్తుంటే, ఒక పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తినడం కనిపించింది. మా చిన్నవాడు భయపడి, అది ఊపిరెలా పీల్చుకుంటుందని అడిగాడు. ఈశాన్య రుతుపవనాల వానకు చెరువు నిండితేనే ఇవి గూళ్లు కడతాయనీ, చెట్ల కింద నీళ్లుంటేనే నక్కల వంటి జంతువులు గూళ్ల దరికి రాలేవనీ అక్కడి కాపలాదారు ఓపికగా వివరించారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువవుతుంది కాబట్టి, ఊరివారు ఈ పక్షులను తమవిగానే చూసుకుంటారు. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ చోటికి ఆ ఆదరణే పెద్ద రక్ష అని నాకు అనిపించింది.

అయితే పిల్లలకు పెట్టే చేపల కోసం గూడబాతులు పులికాట్‌కు వెళ్లిరావాలి. అందుకే ఈ రెండు చోట్లనూ ఒకే యాత్రలో, నేలపట్టును ముందుగా చూడాలని నేను చెబుతాను. సాయంత్రం పులికాట్ సరస్సు మీదుగా సాగే శ్రీహరికోట రోడ్డు మీద నుంచి, తలకిందులుగా ముక్కు ముంచి నీటిని వడగడుతున్న రాజహంసల (ఫ్లెమింగోల) బారులను చూశాము. దృశ్యం మనోహరమే కానీ, ఫొటోల కోసం కొందరు గట్టు దిగి నీళ్లలోకి నడవడంతో గుంపు మొత్తం లేచిపోయింది. వారిని వారించేవారు ఆ సమయానికి లేరు. అంతకంటే లోతైన బెంగ సరస్సు గురించే. రాయదొరువు దగ్గర సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సముద్రపు నీటి రాకపోకలు తగ్గి, చేపలూ రొయ్యలూ తగ్గుతాయి. ఆ లోటు జాలర్ల ఇళ్లకూ, నేలపట్టు గూళ్లకూ తగులుతుంది.

అటకానితిప్ప వద్ద ఉన్న పర్యావరణ కేంద్రంలో పిల్లలతో గంటసేపు గడపవచ్చు. ఫ్లెమింగో పండుగ రోజుల్లో రద్దీ ఎక్కువ కాబట్టి, పక్షులను నింపాదిగా చూడాలనుకునేవారు మామూలు పనిదినాన, సొంత బైనాక్యులర్లు తీసుకుని, కంటికి కొట్టని రంగు దుస్తుల్లో వెళ్లడం మేలు.