కర్ర కాదు, కాళ్లు చూడండి: బ్లాక్ మిత్ వుకాంగ్ చాలాకాలం ఆడాక

ఫాంటసీ గేము ఏది మొదలుపెట్టినా నా కళ్లు ముందు హీరో పాదాల మీదికే పోతాయి. విజయనగరంలో చిన్నప్పుడు కర్రసాము నేర్చుకున్న అలవాటది. మా గురువుగారు కర్ర చేతికివ్వకుండా చాలా రోజులు అడుగులే వేయించారు. దెబ్బ మడమ దగ్గర పుట్టి, నడుం తిరిగి, భుజం దాటి కర్ర కొసకి చేరాలనేవారు. 2024 ఆగస్టు 20న వచ్చిన బ్లాక్ మిత్: వుకాంగ్‌లో హీరో ఆయుధం కూడా కర్రే. వచ్చిన కొత్తలోనే మొదలుపెట్టి పూర్తి చేశాను, ఇప్పుడు మళ్లీ ఆడుతున్నాను.

ఇందులో మూడు స్టాన్సులు, అంటే కర్ర పట్టి పోరాడే పద్ధతులున్నాయి: స్మాష్, పిల్లర్, థ్రస్ట్. మొదట దొరికేది స్మాష్. గాల్లోకి లేచి నెత్తిన మోదడం దాని పని. మామూలు దెబ్బలు వరసగా కొడుతూ పోతే అయిదోది అన్నిటికంటే బలంగా పడుతుంది. అక్కడ యానిమేటర్ల పనితనం చూడాలి. ముందు నాలుగు దెబ్బల్లో కర్ర ఒంటి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడా తెగదు. ఒక దెబ్బ ముగిసిన చోటే రెండోది మొదలవుతుంది. సాములో మేం పడ్డ కష్టమంతా ఇక్కడే. కర్రని ఆపి మళ్లీ ఎత్తితే ఊపు పోతుంది, ఎదుటివాడికి సందు దొరుకుతుంది. మోషన్ కాప్చర్‌తో నిజమైన మనిషి ఒంటి నుంచి తీసుకున్న కదలిక అని తెలుస్తూనే ఉంటుంది.

థ్రస్ట్ నాకు అన్నిటికంటే ఇష్టం. కొస ముందుకు పెట్టి పొడవడం, దూరం కాపాడుకోవడం. చూడ్డానికి ఆర్భాటం తక్కువ, కానీ నిజమైన సాముకి బాగా దగ్గర. పిల్లర్ సంగతి వేరు. కర్ర నేలకి గుచ్చి దాని మీదికెక్కి నిలబడతాడు. కింద శత్రువు విసిరే దెబ్బలు ఖాళీగా పోతాయి. మా అక్క కొడుకు మొదటిసారి చూసి, "ఈడేటి మావయ్యా, కర్రెక్కి కూకున్నాడు!" అని అరిచాడు. మనిషికి సాధ్యం కాని పనే. అయినా నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే దిగేటప్పుడు ఒంటి బరువంతా కర్రతో కలిసి కిందికొస్తుంది. ఫాంటసీలో నాకు కావలసింది ఇదే. ఎంత అసాధ్యమైనా చేయించండి, బరువు మాత్రం మరిచిపోకండి.

మరి నడక? అక్కడే నాకు అసంతృప్తి. పరిగెడుతూ కంట్రోలర్ మీది స్టిక్ ఒక్కసారిగా వెనక్కి తిప్పితే ఒళ్లు ఇట్టే తిరిగిపోతుంది. నిజంగా పరిగెత్తేవాడు రెండు మూడడుగులు తమాయించుకుని గాని తిరగలేడు. ఇలా ఎందుకు చేస్తారో అర్థం చేసుకోగలను. ఆ రెండడుగులూ చూపిస్తే బటన్ నొక్కినా హీరో మాట వినడం లేదనిపిస్తుంది, పోరులో ఆ ఆలస్యం ప్రాణం తీస్తుంది. కానీ శత్రువు లేని చోట, తీరిగ్గా తిరిగేటప్పుడైనా నిజమైన మలుపు పెట్టొచ్చు కదా! దారి ఉన్నట్టు కనబడి కనిపించని గోడ అడ్డొచ్చే చోట్ల అయితే ఉన్నచోటే కాళ్లాడిస్తూ ఉంటాడు. అంతవరకూ కట్టిన లోకం అక్కడ పగిలిపోతుంది.

కవచం బరువు కూడా లెక్కలో లేదు. ఎల్డెన్ రింగ్ అనే మరో గేములో మోసే బరువు పరిమితిలో 70 శాతం దాటితే, దెబ్బ తప్పుకోడానికి దొర్లడం మొద్దుగా మారిపోతుంది. ఇక్కడ ఏం తొడిగినా అదే చురుకు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్లకి పేరున్న ఊరు. అక్కడి పిల్లలు బార్ ఎత్తడం దగ్గర్నుంచి చూసినవాళ్లకి బరువు ఎక్కడ తెలుస్తుందో చెప్పక్కర్లేదు. బార్ లేవకముందే పాదాలు నేలని పట్టుకుంటాయి, తొడలు బిగుస్తాయి. పెద్ద ఆయుధం పట్టిన గేము వీరుల్లో ఎక్కువమంది మణికట్టుతోనే ఎత్తేస్తారు.

శత్రువుల కదలికలు మాత్రం హీరో కంటే మేలు. మొదటి అధ్యాయంలో ఆ పెద్ద తలకాయ భూతం తలతో మోదే ముందు ఆ బరువు ఎటు పోతోందో ఒళ్లంతా చెబుతుంది, మనం తప్పుకునేదీ అది చూసే. రెండో అధ్యాయంలో నెత్తుటి మడుగులో ఎదురయ్యే పులి సేనాని దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుపోతాడు, తొందరపడి కొట్టామా, తిరగబడతాడు. పైడితల్లి పండక్కి పులివేషాలు చూసినవాళ్లకి ఆ బిగింపు కొత్త కాదు. మంచి వేషగాడు గంతు వేసే ముందు అలాగే ఒక్క క్షణం కదలడు. డప్పు మోగుతున్నా కదలడు.

ఆడబోయేవాళ్లకి రెండు మాటలు. సెట్టింగుల్లో మోషన్ బ్లర్ (కదిలేవాటిని మసకగా చూపించేది) తీసేయండి, పాదాలు స్పష్టంగా కనిపిస్తాయి. బొమ్మ నాణ్యత కొంచెం తగ్గించుకునైనా సెకనుకి 60 ఫ్రేముల దగ్గర, అంటే తెర మీద సెకనుకి 60 బొమ్మలు మారేలా ఆడండి. 30 దగ్గర ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది, శత్రువు భుజం కదలడం ఆలస్యంగా కనిపిస్తుంది. స్టాన్సుల మీద పెట్టిన పాయింట్లు ఆటలోని గుడి దగ్గర ఖర్చు లేకుండా వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి స్మాష్‌తోనే ఆట ముగించేయకండి, థ్రస్ట్‌కి కొన్నాళ్లు సమయమివ్వండి.