పేదరికం లెక్క: ఖర్చు సర్వేనా, ఎంపీఐనా?

మా కనిగిరి వైపు పేదరికం తెలియాలంటే రెండు లెక్కలున్నాయి. ఒకటి ఎన్‌ఎస్‌ఓ (కేంద్ర ప్రభుత్వ గణాంకాల సంస్థ) వాళ్ల వినియోగ ఖర్చు సర్వే. వారంలో కూరగాయలకెంత, నెలలో బియ్యానికెంత, ఏడాదిలో ఆసుపత్రికెంత అని అడుగుతారు, కానీ అప్పు తెచ్చి ఆసుపత్రి బిల్లు కట్టినా అదీ ఖర్చే కాబట్టి ఆ ఇల్లు కాగితం మీద కాస్త కలిగినిల్లులా కనపడద్ది, ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

రెండోది నీతి ఆయోగ్ ఎంపీఐ, అంటే బహుముఖ పేదరిక సూచీ. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) డేటాలో పోషణ, చదువు, మరుగుదొడ్డి, వంట గ్యాస్ లాంటివి 12 చూసి, లేనివాటిని కలిపి వేసే లేమి స్కోరు 33 శాతానికి చేరితే పేద కుటుంబం అంటారు. జిల్లాలవారీగా దొరుకుద్ది, ఉమ్మడి ప్రకాశం జిల్లాకి నేనైతే దీన్నే తీసుకుంటా. కాకపోతే బోరుంటే మంచి నీళ్లున్నట్టే రాసుకుంటారు, అందులో ఫ్లోరైడ్ ఎంతో చూడరు, ఆ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయినోళ్లున్న ఊళ్లో కూడా అంతే.