‘పిల్లల భాషా ప్రతిభ’ డి.ఎన్.ఎ. కిట్: 5కి 2 స్టార్లు

ఈ కిట్ నేను కొనలేదు. పాప పుట్టినరోజుకి మా ఆడపడుచు బెంగళూరు నుంచి పంపింది. ఎనిమిది వేలు దాటిన వస్తువు, పక్కన పడేస్తే బాగుండదని వాడాం. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి ఇంకా చాలామంది అమ్ముతున్నారు, అందరి ప్రకటనా ఒకటే: మీ బిడ్డకి భాషలు ఎంత బాగా వస్తాయో జన్యువుల్లో చూసి చెప్తాం. నేను ఖమ్మంలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను కాబట్టి రిపోర్టు కాస్త ఓపిగ్గా చదివాను.

ముందు బాగున్నవి చెప్తాను. స్వాబ్‌తో, అంటే దూది చుట్టిన పుల్లతో, బుగ్గ లోపల అరనిమిషం రుద్ది, ద్రవం ఉన్న ట్యూబులో పెట్టి, పుల్ల విరిచి మూత బిగించడమే. అంతకు అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు. మా పాపకి కష్టమైంది అదొక్కటే. కొరియర్ అబ్బాయి ఇంటికొచ్చి తీసుకెళ్లాడు. రిపోర్టు చెప్పిన గడువులోపే యాప్‌లోకి వచ్చింది. రెండు స్టార్లూ వీటికే. యాప్ ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది. భాషా ప్రతిభ కొలిచేవాళ్లకి తెలుగు మాత్రం దొరకలేదు.

ఇక రిపోర్టు. ‘భాషా ప్రతిభ: అధికం’ అని ఆకుపచ్చ మీటరు. దాని కింద ఫాక్స్‌పీ2 అని ఒక జన్యువు పేరు, పక్కన ఆ జన్యువులో పాపకి ఉన్న రెండు డి.ఎన్.ఎ. అక్షరాలు (అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి), ‘అనుకూలం’ అని ముద్ర. పాపకి ఫ్రెంచో జర్మనో మొదలుపెట్టమని సలహా. రిపోర్టుతో పాటు ఫోన్‌లో ఉచిత కౌన్సెలింగ్ కూడా ఉంది. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"మేడమ్, పాపకి లాంగ్వేజ్ జీన్ చాలా స్ట్రాంగ్‌గా ఉందండీ."

"ఈ రెండక్షరాలు ఎంతమందిలో ఉంటాయమ్మా?"

"అది... చాలామందిలో ఉంటుందండీ. కామనే."

"మరి అందరికీ అధికమేనా?"

కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. "మా సీనియర్ సైంటిస్టు మీకు కాల్ చేస్తారండీ" అంది. ఆ కాల్ ఇంతవరకూ రాలేదు.

ఫాక్స్‌పీ2 ఉత్తుత్తి పేరేమీ కాదు. లండన్‌లో కె.ఇ. అనే గుర్తుతో పిలిచే ఒక కుటుంబం ఉంది. మూడు తరాల్లో సుమారు సగం మందికి మాట సరిగ్గా రాదు. పెదవులనీ నాలుకనీ వరసగా, వేగంగా కదిలించలేరు, వ్యాకరణంలోనూ తడబడతారు. 2001లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దీని కారణాన్ని 7వ క్రోమోజోమ్ మీద పట్టుకున్నారు: ఈ జన్యువు రెండు కాపీల్లో ఒకదానిలో ఒకే ఒక్క అక్షరం మారింది. ఇది వేరే జన్యువుల పనిని నియంత్రించే జన్యువు కాబట్టి, ఆ ఒక్క అక్షరం మార్పే మెదడు ఎదుగుదలలో చాలా దూరం పోయింది. ఫ్యూజు పోతే ఇల్లంతా చీకటే. అంతమాత్రాన ఫ్యూజు బాగున్న ఇంట్లో బల్బు రెట్టింపు వెలగదు కదా! ఈ జన్యువులో మామూలుగా కనిపించే తేడాలకీ మామూలు పిల్లల భాషా సామర్థ్యానికీ సంబంధం ఉందేమోనని వెతికినవాళ్లకి గట్టి ఆధారం దొరకలేదు. రిపోర్టు మీటరు మాత్రం సరిగ్గా ఆ తేడాల మీదే నడుస్తోంది.

‘ఇది మనిషికి మాత్రమే ఉన్న జన్యువు’ అని ఒక రంగుల డబ్బాలో వేశారు. అది అచ్చంగా తప్పు. ఈ ప్రోటీన్‌లో 715 అమైనో ఆమ్లాలుంటే, చింపాంజీకీ మనకీ తేడా రెండే. ఆ రెండూ నియాండర్తాల్ అనే అంతరించిపోయిన మానవజాతిలో కూడా మనలాగే ఉన్నాయని 2007లో తేలింది. జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్ట మెదడులో ఇదే జన్యువు పనిని తగ్గిస్తే, పిల్ల పిట్ట పెద్దదాని పాటని సరిగ్గా అనుకరించలేదు.

నాకు బాగా చిరాకు తెప్పించింది మెదడు బొమ్మ ఉన్న పేజీ. ఎడమవైపు, మాట పలకడానికి ముఖ్యమైన బ్రోకా ప్రాంతానికి ఎర్ర సున్నా చుట్టి ‘యాక్టివ్’ అని రాశారు. బుగ్గ మీద కణాలు తీసుకుని మెదడు ఎలా చూశారు స్వామీ? బ్రోకా అనే డాక్టరు 1861లో పారిస్‌లో ఆ ప్రాంతాన్ని గుర్తించింది, ‘టాన్’ తప్ప వేరే మాట దాదాపు రాని రోగి చనిపోయాక, మెదడు బయటికి తీసి చూశాకే. ఆ రోగికి ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది. పైగా పసిపిల్లల మెదడులో ఏ పని ఏ భాగానిదో ఇంత బిగుసుకుపోయి ఉండదు. పుట్టే సమయంలో ఎడమవైపు స్ట్రోక్ వచ్చిన పిల్లల్లో కుడివైపే భాష పని అందుకున్నవాళ్లున్నారు.

జన్యువుల పాత్ర లేదని కాదు. 2022లో డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) మీద వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఆ ఇబ్బంది ఉన్న 51 వేలమందికి పైగా జనాన్ని పది లక్షలకు పైగా ఇతరులతో పోల్చి, జన్యురాశిలో 42 చోట్ల సంబంధం కనిపెట్టారు. ఒక్కో చోటి ప్రభావం బహు స్వల్పం. అందులో పాల్గొన్నవాళ్లు యూరోపియన్ మూలాలవాళ్లు. దాన్ని తెచ్చి ఖమ్మం పిల్లకి మీటరు గీస్తే ఎలా? మా పాప స్కూల్ వ్యాన్‌లో పక్కన కూర్చునే స్నేహితురాలి దగ్గర లంబాడీ మాటలు పట్టుకొచ్చి ఇంట్లో వాళ్ల నాన్న మీద ప్రయోగిస్తోంది. రిపోర్టులో దీని ఊసు లేదు.

ఇంత రాయడానికి అసలు కారణం మా కింది వాటాలో అమ్మాయి. వాళ్ల బాబుకి రెండున్నరేళ్లు, నాలుగైదు మాటలే వచ్చు. "అక్కా, ఆ కిట్ లింకు పంపవా, జీన్‌లో ఏమైనా తేడా ఉందేమో చూద్దాం" అంది. పంపలేదు. మాట ఆలస్యమైతే ముందు చూడాల్సింది చెవి. ఇ.ఎన్.టి. డాక్టరు బెరా పరీక్ష రాస్తారు. పిల్లాణ్ని నిద్రపుచ్చి, తలకి ఎలక్ట్రోడ్లు అంటించి, చెవిలో టక్ టక్‌మనే శబ్దాలు వినిపించి, మెదడు కాండం వరకూ స్పందన చేరుతోందో లేదో చూస్తారు. తర్వాత స్పీచ్ థెరపిస్టు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ పనికే ఉంది. జన్యు పరీక్ష అవసరమైతే, అంటే ఫిట్స్ ఉన్నా, ఎదుగుదల అంతటా వెనకబడినా, కుటుంబంలో ఇంకొందరికి ఉన్నా, డాక్టరే రాస్తారు. అది వేరే పరీక్ష, వేరే లెక్క. ఈ కిట్‌లో ‘అధికం’ అని వచ్చిందని ఏ తల్లయినా చెవి పరీక్ష వాయిదా వేస్తే, పోయేది ఎనిమిది వేలు కాదు, పిల్లాడి కాలం.

ఇంకొకటి. సంతకం పెట్టే పేజీలో ‘డేటాను పరిశోధనకు వాడుకోవచ్చు’ అన్నచోట ముందే టిక్ పెట్టి ఉంది, తీసేసుకోండి. పాప నమూనా, డేటా రెండూ చెరిపేయమని మెయిల్ పెడితే టికెట్ నంబర్ ఒకటి వచ్చింది, అంతే. చెరిపేశామని రాతపూర్వకంగా చెప్తే మూడో స్టార్ ఇస్తాను.