షినోన్, ఫాంతెవ్రో, లోష్: లువార్ లోయలో మధ్యయుగపు రాజుల జాడలు

ఫ్రాన్స్‌లోని లువార్ లోయ అనగానే చాలామంది షాంబోర్, షెనోన్సో వంటి పదహారవ శతాబ్దపు సౌధాలకే పరుగెత్తుతారు. అంతకు ముందటి రాజులు కాపురమున్న, కన్నుమూసిన చోట్లు చూడాలన్న కోరికతో మేము పారిస్ నుంచి రైలులో టూర్ నగరం చేరి, అక్కడి నుంచి చిన్న రైలులో షినోన్ వెళ్లి, మూడు రాత్రులు అక్కడే బస చేశాము.

వియెన్ నది పక్కన గుట్ట మీద ఉంది షినోన్ కోట. ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ 1189లో ఇక్కడే మరణించాడు. 1429లో ఫ్రాన్స్ సేనలను నడిపించిన పల్లె యువతి జోన్ ఆఫ్ ఆర్క్, అప్పటికింకా పట్టాభిషేకం కాని ఫ్రాన్స్ రాజు ఏడవ చార్లెస్‌ను కలుసుకున్నదీ ఇక్కడే. ఆ భేటీ జరిగిందని చెప్పే పెద్ద సభామందిరంలో ఇప్పుడు మిగిలింది ఒక గోడ, దానికి పై అంతస్తు ఎత్తున ఆనుకుని ఉన్న పొయ్యి గూడు. నేల లేదు, కప్పు లేదు. పునరుద్ధరించిన గదులకంటే ఆ ఒంటరి గోడ దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడిపోయాను.

హెన్రీని ఖననం చేసిన ఫాంతెవ్రో మఠం సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక్క చోటుకే సమయముంటే ఇక్కడికే వెళ్లమంటాను. 1101లో వెలసిన ఈ మఠంలో సన్యాసులూ సన్యాసినులూ ఉన్నా, అధికారం మాత్రం మఠాధిపతురాలిదే. తెల్లని చర్చి మధ్యలో హెన్రీ, రాణి ఎలియనోర్, కుమారుడు రిచర్డ్, కోడలు ఇసబెల్లా రాతిలోనూ కొయ్యలోనూ రూపుదిద్దుకుని పడుకుని ఉన్నారు. ఎలియనోర్ చేతుల్లో పుస్తకం తెరిచి ఉంటుంది, బట్టల మడతల్లో పాత రంగు ఇంకా కనిపిస్తుంది. తనను ఏళ్ల తరబడి బందీగా ఉంచిన భర్త పక్కనే ఆమె చదువుకుంటున్నట్టుండడం చూస్తే మనసు కలుక్కుమంది. ఫ్రెంచి విప్లవం తరువాత ఈ మఠాన్ని చెరసాలగా మార్చి, 1963 వరకు అలాగే వాడారు.

అక్కడికి రైలు లేదు. మేము ముందుగా మాట్లాడుకున్న టాక్సీ తిరుగు ప్రయాణానికి రాలేదు, గంటన్నర ఎదురుచూశాము. పెద్దవాళ్లు వెంట ఉంటే కారు అద్దెకు తీసుకోవడమే మేలు. షినోన్‌లో మా బస పాత వీధిలోని రాతి ఇల్లు. శుభ్రమైన గది, ఆదరంగా చూసుకునే యజమానురాలు, కానీ ఇరుకైన మెట్లే దిక్కు, లిఫ్టు లేదు. పల్లెల్లో భోజనశాలలు మధ్యాహ్నం రెండు దాటితే వంట ఆపేస్తాయి. శాకాహారులమైన మాకు రొట్టె, మధ్యలో గడ్డిపరక దూర్చిన సెయింట్ మోర్ మేకపాల చీజు చాలాసార్లు ఆదుకున్నాయి.

చివరి రోజు లోష్ పట్టణం. ఆంజూ ప్రాంతపు ప్రభువు ఫుల్క్ నేరా కట్టించిన బురుజు ముప్పై ఆరు మీటర్ల ఎత్తు. అంతస్తులు కూలిపోయినందువల్ల లోపల నిలబడి తలెత్తితే ఆకాశం దాకా గోడలే, వాటిలో ఒకదానిపై ఒకటిగా పొయ్యి గూళ్లు. ఎత్తంటే భయమున్నవారు కింది నుంచే చూడవచ్చు, మా అమ్మ అలాగే చూసింది.