డాక్‌లో పెట్టి టీవీలో చూపిస్తే నమ్మకండి: పాత నింటెండో స్విచ్ కొనేవాళ్లు జాగ్రత్త

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, కాబట్టి మాట కాస్త ఘాటుగా వస్తే సర్దుకోండి. మన గ్రూపులో వారానికి రెండు స్విచ్‌లు (చేత్తో పట్టుకునీ, టీవీకి కలిపీ ఆడుకునే గేమ్ మెషీన్లు) అమ్మే ఆయన తెలుసుగా, ప్రతి పోస్టులోనూ "సింగిల్ యూజర్, మింట్ కండిషన్" అని రాస్తాడే, ఆయనే. 2019 మోడల్, బాక్సు, టీవీకి కలిపే స్టాండు, అంటే డాక్, అన్నీ కలిపి 17,500 రూపాయలు. ఆదివారం చేతికొచ్చింది. సోమవారం పొద్దున్నకే తేలిపోయింది. టచ్ స్క్రీన్ కుడి అంచున చచ్చిపోయింది. కుడి జాయ్‌కాన్ (పక్కన తగిలించే కంట్రోలర్) అయితే అసలు జాయ్‌కానే కాదు.

చూసే కొన్నా. అదే కదా మంట. ఆయన రూమ్‌కి వెళ్లేసరికి మెషీన్ డాక్‌లో ఉంది, టీవీ ఆన్‌లో ఉంది. కార్ట్ రేసు రెండు ల్యాపులు ఆడించాడు. స్టిక్కులు తిప్పించాడు, డ్రిఫ్ట్ (ముట్టుకోకుండానే జరిగిపోవడం) లేదు. అన్ని బటన్లూ నొక్కించాడు. ఎంత పద్ధతి గల మనిషో అనుకున్నా! డాక్‌లో పెడితే స్విచ్ సొంత తెర ఆరిపోతుంది, టచ్ పనిచేసే ప్రశ్నే ఉండదు. అది నాకు 2017 నుంచీ తెలుసు. తెలిసి కూడా ఒక్కసారి బయటికి తీసి వేలు పెట్టి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. బ్యాటరీ ఎంత ఉందో చూద్దామని తీయబోతే "ఛార్జింగ్ తక్కువుంది బ్రో, ఇంటికెళ్లి నిదానంగా చూసుకోండి" అన్నాడు. నిదానంగానే చూసుకున్నా.

బయటపడింది వైఫై పాస్‌వర్డ్ దగ్గర. తెర మీది కీబోర్డులో అక్షరాలన్నీ వేలికి పలుకుతున్నాయి. కుడి చివర వరుసలో ఉండే బ్యాక్‌స్పేస్, ఓకే మాత్రం ఉలకవు, పలకవు. బటన్‌తో నొక్కితే ఓకే పడుతోంది. స్క్రీన్ గార్డు మందం వల్లేమోనని సిస్టమ్ సెట్టింగ్స్‌లో టచ్ స్క్రీన్ సెన్సిటివిటీని స్టైలస్‌కి మార్చా. తేడా లేదు. గార్డు పీకేశా. అప్పుడూ లేదు. ఛార్జర్ నాసిరకందైతే టచ్ పిచ్చిపిచ్చిగా ఎగురుతుందని అదీ తీసేసి చూశా. ఊహూఁ. టెస్ట్ ఇన్‌పుట్ డివైసెస్‌లో టచ్ స్క్రీన్ పరీక్ష పెట్టి, ఎడమ నుంచి కుడికి అడ్డగీతలు గీసుకుంటూ పైనుంచి కిందికి వచ్చా. ప్రతి గీతా కుడి అంచుకి వేలెడు దూరంలో తెగిపోతోంది, స్కేలు పెట్టి కోసినట్టు.

ఇలా నిలువుగా పట్టీలా చచ్చిందంటే సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. అద్దం వెనక కంటికి కనపడని వాహక గీతలు నిలువుగా, అడ్డంగా వలలా ఉంటాయి. ఒక్క గీత తెగినా దాని పొడవునా పట్టీ మొత్తం పోతుంది. రిబ్బన్ కేబుల్ కనెక్టర్‌లో సరిగ్గా కూర్చోకపోయినా ఇలాగే అవుతుంది, కాకపోతే అది మళ్లీ కూర్చోబెడితే బాగవుతుంది. విప్పి, తీసి, పెట్టి, లాచ్ నొక్కి చూశా. బాగవలేదు. అంటే గీతే తెగింది. ఈ మోడల్లో ఎల్‌సీడీ, పైనున్న టచ్ అద్దం ఒకదానికొకటి అతుక్కుని ఉండవు, అద్దం ఒక్కటే మార్చొచ్చు. ఎవరో మార్చారు కూడా. తెర మీద తెల్లటి పేజీ పెట్టి పక్కనుంచి చూస్తే అద్దానికీ ఎల్‌సీడీకీ మధ్య మూడు దుమ్ము చుక్కలు. ఒక మూల గోరు ఆన్చితే అద్దం అంచు తగులుతోంది. ఇదన్నమాట మింట్ కండిషన్.

కుడి జాయ్‌కాన్ సంగతి ఇంకా బావుంది. రెండిటినీ తీసి టేబుల్ మీద పడుకోబెట్టి, కదలికల్ని పసిగట్టే సెన్సర్లను సరిచేసే క్యాలిబ్రేట్ మోషన్ కంట్రోల్స్ నడిపా. ఎడమది మైనస్ నొక్కి పట్టుకోగానే అయిపోయింది. కుడిది ప్లస్ ఎంతసేపు పట్టుకున్నా పూర్తవదు. గేమ్‌లో గురి పెడితే, కంట్రోలర్ టేబుల్ మీద కదలకుండా ఉన్నా కెమెరా దానంతటదే కుడివైపు తిరుగుతోంది. పది సెకన్లు కాకుండానే గోడకి మొహం పెట్టేసింది.

ఇక్కడో మాట. కొద్దిపాటి జరుగుడు ఒరిజినల్‌లోనూ ఉంటుంది. జైరో, అంటే తిప్పడాన్ని పసిగట్టే సెన్సర్, చెప్పేది ఎంత వేగంగా తిరిగావన్నది మాత్రమే, దాన్ని కూడుకుంటూ పోతే కోణం వస్తుంది. చిన్న తప్పు ఉన్నా కూడికలో పెరుగుతుంది. పైకీ కిందికీ వచ్చిన తప్పును యాక్సిలరోమీటర్ భూమి ఆకర్షణను చూసి దిద్దుతుంది. ఎడమకీ కుడికీ వచ్చిన తప్పును దిద్దడానికి దిక్సూచి కావాలి, అది జాయ్‌కాన్‌లో లేదు. అందుకే స్ప్లాటూన్ గేమ్‌లో వై బటన్ నొక్కి గురిని మధ్యకి తెచ్చుకుంటాం. అరగంట ఆటలో ఒకట్రెండు సార్లు నొక్కాల్సొస్తే మామూలే. పది సెకన్లకోసారి నొక్కాల్సొస్తే అది కంట్రోలర్ కాదు, బొంగరం.

అనుమానమొచ్చి కంట్రోలర్స్ పేజీ తెరిచా. చేతిలో ఉన్నది నియాన్ ఎరుపు. తెర మీది బొమ్మ బూడిద రంగు. ఆ రంగు కంట్రోలర్ మెమరీలో రాసి ఉంటుంది, పైన డొప్ప మార్చినంత మాత్రాన మారదు. ఒరిజినల్‌కే ముచ్చటపడి డొప్ప మార్చుకున్నవాళ్లకీ ఇలాగే కనిపిస్తుంది, అందుకని ఇదొక్కటే సాక్ష్యం కాదు. వెనక ఉండే నాలుగు స్క్రూలు విప్పా. మూడు కాళ్ల స్క్రూలవి, మామూలు స్టార్ డ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. లోపల హెచ్ఏసీ-006 అని, 525 ఎంఏహెచ్ అని రాసుండాల్సిన బ్యాటరీ చోట పేరూ ఊరూ లేని సంచి ఒకటి. కింది అంచున నల్లటి కిటికీ వెనక ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉండాలి, అక్కడ ఖాళీ. హెచ్‌డీ రంబుల్ (చేతికి తెలిసే సన్నటి వణుకు) ఇచ్చే పలక లాంటి యాక్చుయేటర్ చోట బిళ్ల మోటార్, పాత ఫోన్లలో గుర్రుమనేది. ఒరిజినల్ డొప్పలో నకిలీ గుజ్జు. కెమెరా లేదు కాబట్టి రింగ్ ఫిట్ అనే వ్యాయామం గేమ్‌లో గుండె లెక్క రాదు. అమీబో (లోపల చిప్ ఉండే బొమ్మ) పెడితే చదవడం లేదు.

అప్పుడు ఫోన్ చేశా. ఇక్కడి నుంచి ఆయన మాటలు మాటకి మాట రాస్తున్నా.

"టచ్ ఎవరు వాడతారు బ్రో? గేమింగ్‌కి కొన్నారా, ఫోన్‌లా వాడదామని కొన్నారా?"

మరి జైరో సంగతేంటన్నా.

"ఆ ఊపుడు గేమ్స్ చిన్నపిల్లలకి బ్రో. ఆఫ్ చేసుకోండి, సెట్టింగ్ ఉంటది."

నకిలీ బోర్డు ఫొటో పంపా. రెండు నీలం టిక్కులు. పది నిమిషాలకి: "చెక్ చేసుకునే తీసుకున్నారు కదా సార్." అప్పటిదాకా బ్రో, ఇప్పుడు సార్. ఆ తర్వాత ప్రొఫైల్ ఫొటో మాయం. బ్లాక్.

17,500 కంటే ఆ చిన్నపిల్లల మాటే ఎక్కువ మండింది. స్టీమ్ డెక్ అనే చేతి గేమ్ మెషీన్‌లో స్టిక్ మీద బొటనవేలు ఆన్చితే జైరో మేలుకుంటుంది, తీస్తే నిద్రపోతుంది. ఎందుకు పెట్టారు మరి, ఉయ్యాల ఊపడానికా? 2023లో వచ్చిన అలాంటిదే లీజియన్ గో, దాని కుడి కంట్రోలర్‌ను ఊడదీసి నిలబెడితే మౌస్. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2లో జాయ్‌కాన్లు రెండూ పక్కకి పడుకోబెడితే మౌస్‌లే. చేతిలో పట్టుకునే మెషీన్లు ముందుకు పోతున్నదంతా వేలి స్పర్శ మీదా, మణికట్టు తిప్పడం మీదా. స్టిక్‌తో గురి తల దగ్గరికి తెచ్చి, చివరి అంగుళం జైరోతో సర్దడం అలవాటైనవాడు వెనక్కి వెళ్లలేడు. మన సెకండ్ హ్యాండ్ బజారు మాత్రం ఇంకా ఏ బటన్, బీ బటన్ దగ్గరే ఆగిపోయింది. అందుకే దొంగలకి అక్కడే సందు. స్టిక్ డ్రిఫ్ట్ అందరూ చూస్తారు కాబట్టి స్టిక్ కొత్తది వేస్తారు. జైరో ఎవడూ చూడడు కాబట్టి బోర్డే లేపేస్తారు. స్విచ్ 2 వచ్చాక పాతవి వదిలించుకునేవాళ్లు ఎక్కువయ్యారు, ఈ అతుకుల బేరాలూ వాటితోపాటే వచ్చాయి.

పోనీ సర్వీస్‌కి ఇద్దామా అంటే, స్విచ్ మన దేశంలో అధికారికంగా అమ్మిందే లేదు. వారంటీ ఎవరిని అడుగుతాం? తెలిసిన రిపేర్ అబ్బాయి అద్దానికీ కూలికీ కలిపి 2,800 అన్నాడు.

కొనబోయేవాళ్లు పెద్దగా చేయాల్సిందేం లేదు, పది నిమిషాల పని. డాక్ లోంచి తీయించండి. ఛార్జింగ్ లేదంటే కూర్చోండి, ఎక్కేదాకా. టచ్ పరీక్షలో నాలుగు అంచులూ గీయండి, మధ్యలో గీసి సంబరపడొద్దు. జాయ్‌కాన్లు ఊడదీసి రెండిటికీ మోషన్ క్యాలిబ్రేషన్ మీ చేత్తో మీరే చేయండి, తర్వాత ఏదైనా గేమ్‌లో 30 సెకన్లు టేబుల్ మీద వదిలేసి చూడండి. కంట్రోలర్ బొమ్మ రంగు చూడండి. మెషీన్ కింద స్టిక్కర్ మీది సీరియల్, సెట్టింగ్స్‌లో సీరియల్ ఇన్ఫర్మేషన్‌లో ఉన్నది ఒకటేనా కాదా సరిపోల్చండి. మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో ఈషాప్ (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) తెరవండి, నింటెండో బ్యాన్ చేసిన మెషీనైతే అక్కడే దొరికిపోతుంది. స్ప్లిట్ ప్యాడ్ ప్రో లాంటి వేరే కంపెనీ కంట్రోలర్లు తగిలించి ఇస్తే అందులో జైరో ఎలాగూ ఉండదు, అసలు జాయ్‌కాన్లు ఏవని అడగండి.

అన్నట్టు ఇందాకే ఇంకో నంబర్‌తో చూశా. ఆయన నిన్న రాత్రి మరో స్విచ్ పెట్టాడు. ఫొటోలు ఆరున్నాయి, ఆరింటిలోనూ డాక్‌లోనే ఉంది.

ఎవరి దగ్గరైనా హెచ్ఏసీ-016, అంటే కుడి జాయ్‌కాన్ ఒక్కటి, ఒరిజినల్ ఉంటే చెప్పండి. స్టిక్ డ్రిఫ్ట్ ఉన్నా ఫర్వాలేదు, డొప్ప పగిలినా ఫర్వాలేదు, నా దగ్గర మంచి డొప్ప ఒకటి ఖాళీగా ఉంది.