స్నోక్వాల్మీ కనుమలో లారీ ఆపితే: కాఫీకి ఐదు స్టార్లు, లారీ ఆపే చోటుకు ఒకటి

వారానికి రెండుసార్లు అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ నుంచి స్పొకేన్‌కు లారీలో సరుకు తీసుకెళ్తాను. దారిలో ఐ-90 హైవే మీద 3,022 అడుగుల ఎత్తున స్నోక్వాల్మీ కనుమ. అక్కడ నేనాగే చిన్న కొట్టులో కాఫీ చిక్కగా ఉంటుంది. కొట్టు పెద్దావిడ నా తడి చేతితొడుగులు తీసుకుని హీటరు మీద ఆరేస్తుంది. ఆ ఒక్కదానికే ఐదు స్టార్లు.

లారీ ఆపడం మాత్రం వేరే కథ. శనివారమైతే మంచు మీద జారడానికి వచ్చినవాళ్ల కార్లే ఎక్కడ చూసినా. మా బండి వాటి మధ్య తిరగడానికే చోటుండదు. రోజుకు 11 గంటలకు మించి నడపకూడదని చట్టం. మంచుకు కనుమ మూసేస్తే, ఆ గంటలు అయిపోయాక ఎక్కడ ఆగాలి? మొన్న జనవరిలో రోడ్డు పక్కనే టార్చి పళ్లతో పట్టుకుని, మంచులో జారకుండా చక్రాలకు గొలుసులు బిగించాను. మంచు తోసే బండి పక్కనుంచి పోతే నా బండంతా ఊగిపోయింది. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా పెద్ద లారీలు గొలుసులు వెంట ఉంచుకోవాల్సిందే. సరే, ఉంచుకుంటాం. అవి బిగించుకోవడానికి, కునుకు తీయడానికి వెలుతురున్న చోటు కూడా కావాలి కదా!

ఇప్పుడు శనివారాలు తెల్లవారుజామునే కనుమ దాటేస్తున్నాను. అప్పటికి కొట్టు తెరవరు, అదొక్కటే బాధ.